పిల్లల్ని ఓడ ఎక్కించిన డాక్టరు

మనలో చాలామందిమి ఏజెంటు చూపించిన చోటల్లా సంతకం పెట్టి విమానం ఎక్కినవాళ్లమే. కష్టమైనా నష్టమైనా ఆ సంతకం మనదే. నూట నలభై ఏళ్ల కిందట ఓ పెద్దమనిషి పిల్లల్ని వాళ్ల ఇష్టం అడక్కుండానే కెనడా పొలాలకు పంపించాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. వీధి పిల్లల కోసం బతుకంతా ధారపోసినవాడు. పేరు థామస్ బర్నార్డో.

1845లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో పుట్టాడు. చైనా వెళ్లి మత ప్రచారం చేయాలనుకుని, డాక్టరు చదువుకు 1866లో లండన్ వచ్చాడు. అక్కడ ఇళ్ల కప్పుల మీద, సందుల్లో పడుకునే పిల్లల్ని చూశాక చైనా మాట పక్కనపెట్టేశాడు. 1870లో స్టెప్నీలో మగపిల్లల హోమ్ తెరిచాడు. ఓసారి చోటు లేదని ఒక కుర్రాణ్ని వెనక్కి పంపితే, వాడు చలికి, ఆకలికి చనిపోయాడు. అప్పట్నుంచి దిక్కులేని పిల్లలు ఎవరొచ్చినా కాదనేది లేదని బోర్డు పెట్టించాడు.

దాంతో హోమ్‌లు నిండిపోయాయి. అటు కెనడాలో పొలాలు బోలెడు, పనివాళ్లు తక్కువ. మరియా రై, ఆనీ మెక్‌ఫర్సన్ అనే ఇద్దరు మహిళలు అప్పటికే పిల్లల్ని అక్కడికి పంపుతున్నారు. 1882లో బర్నార్డో కూడా 51 మంది మగపిల్లల్ని ఓడ ఎక్కించాడు. ఒక్కొక్కరికీ బట్టలు, బైబిలు సర్దిన ట్రంకు పెట్టె ఇచ్చేవారు. ఆడపిల్లలకు పీటర్‌బరోలో మజిలీ. అక్కడినుంచి రైతుల ఇళ్లకు.

కొందరికి మంచి ఇళ్లే దొరికాయి. సొంత బిడ్డల్లా పెరిగారు. ఇంకొందరికి తెల్లారకముందే పాలు పితకడం, కట్టెలు కొట్టడం, రాళ్లు ఏరడం. బడి మాట ఉత్తదే. బాగోగులు చూసేందుకు ఇన్‌స్పెక్టర్లు ఉన్నా, దూరాలు ఎక్కువ, రాక తక్కువ. 1895లో ఒంటారియోలోని కెపెల్‌లో జార్జ్ గ్రీన్ అనే బర్నార్డో కుర్రాడు చనిపోయాడు. ఒంటినిండా దెబ్బలు. యజమానురాలిపై కేసు నడిచినా జ్యూరీ ఒక మాట మీదికి రాలేకపోయింది.

ఇంకో సంగతి. ఈ పిల్లలంతా అనాథలు కారు. చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. పేదరికం వల్ల హోమ్‌లో చేర్చారంతే. కొందరికి ఓడ వెళ్లిపోయాకే కబురందింది. హ్యారీ గాసేజ్ అనే కుర్రాణ్ని కెనడా తీసుకెళ్లే మనిషికి అప్పగించేస్తే, తల్లి కోర్టుకెక్కింది. 1892లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో బర్నార్డో ఓడిపోయాడు. అయినా బిడ్డను తెచ్చి చూపించలేకపోయాడు.

1905లో బర్నార్డో కన్నుమూశాడు. ఓడలు మాత్రం ఆగలేదు. 1925లో గానీ పెద్దల తోడు లేని 14 ఏళ్లలోపు పిల్లల రాకను కెనడా ఆపలేదు. అన్ని సంస్థలూ కలిపి కెనడా చేర్చిన పిల్లలు లక్షకు పైనే. బ్రిటన్ ప్రధాని 2010లో, కెనడా దిగువ సభ 2017లో క్షమాపణ చెప్పాయి. అప్పటికి ఆ పిల్లల్లో చాలామంది లేరు.

పంపించేవాడు మంచివాడైతే చాలదని ఈ కథ చెబుతోంది. వెళ్లినచోట మన బాగోగులు అడిగేదెవరు? కష్టమొస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఆ పిల్లలకు అడిగే వయసు లేదు. మనకుంది. మనూరి నుంచి రేపు బయల్దేరే తమ్ముడికి ముందు ఈ రెండు ప్రశ్నలే నేర్పిద్దాం.