కరణుల లెక్క నేర్పిన భాస్కరాచార్యులు

తొమ్మిదో తరగతి మ్యాథ్స్‌లో ఏటా కనిపించే తప్పు ఒకటుంది. √2 + √8 ఎంత అంటే పిల్లలు చటుక్కున √10 అని రాసేస్తారు. ఆన్సర్ షీట్ చూసిన పేరెంట్స్ కేర్‌లెస్ మిస్టేక్ అనుకుంటారు. కాదండీ, అది కాన్సెప్ట్ దగ్గరి తప్పు. దాదాపు 900 ఏళ్ల క్రితమే ఒక గురువు సరిగ్గా ఈ జతనే తీసుకుని ఓపికగా నేర్పారు.

ఆయనే భాస్కరాచార్యులు. 1114లో పుట్టారు. సహ్యాద్రి ప్రాంతంలోని విజ్జడవిడ ఆయన ఊరు. తండ్రి మహేశ్వరుడే గురువు. 36 ఏళ్ల వయసులో, 1150లో, సిద్ధాంత శిరోమణి రాశారు. అందులోని లీలావతి పేరు అందరూ విన్నదే. కూతురి పెళ్లి ముహూర్తం, నీటి గడియారంలో పడిన ముత్యం కథ కూడా వినే ఉంటారు. ఆ కథ 1587 నాటి ఫైజీ పర్షియన్ అనువాదంతో ప్రచారమైంది, భాస్కరుల పుస్తకంలో లేదు. నాకైతే ఆయన బీజగణితమే ఎక్కువ ఇష్టం. మన తెలుగు మీడియం పుస్తకాల్లోని కరణి అనే మాట అందులోనూ ఉంది.

అందులో ఆయన పద్ధతి ఇది. ముందు 2, 8 కలిపితే 10. తర్వాత వాటిని గుణిస్తే 16, దాని వర్గమూలం 4, రెట్టింపు చేస్తే 8. పదికి ఎనిమిది కలిపితే 18. కాబట్టి జవాబు √18. మనం క్లాసులో √8ని 2√2గా మార్చి 3√2 అంటాం. రెండూ ఒకటే. √10 రాసిన పిల్లలు వదిలేసింది ఆ 8నే.

తర్వాత 3, 27 ఇచ్చారు. జవాబు √48. ఆ వెంటనే 3, 7 ఇచ్చారు. గుణిస్తే 21, దానికి కచ్చితమైన వర్గమూలం లేదు. అందుకే √3 + √7ని అలాగే విడిగా ఉంచమన్నారు. పిల్లలకు కష్టంగా అనిపించేది ఇదే. జవాబంటే ఒకే సంఖ్య రావాలనుకుంటారు. ఆ అలవాటు చేసింది మేమేనేమో కూడా!

హారంలో కరణులుంటే ఒకదాని గుర్తు మార్చి పైనా కిందా గుణించమన్నారు. ఇప్పుడు మేం రేషనలైజేషన్ అని చెప్పేది అదే.

69వ ఏట కరణకుతూహలం రాశారు. కొడుకు లక్ష్మీధరుడు యాదవ రాజు జైత్రపాలుడి ఆస్థాన పండితుడయ్యాడు. మనవడు చాంగదేవుడు తాతగారి గ్రంథాలు చదివించడానికి మహారాష్ట్రలోని పాటణ్‌లో ఒక మఠం పెట్టించాడు. 1207 నాటి శాసనం ఆ సంగతి చెబుతోంది.