చక్రాల కుర్చీలోని వైద్యురాలు – డాక్టర్ మేరీ వర్గీస్

వేలూరు ఆసుపత్రి పేరు వినని కుటుంబము మన సంఘములలో అరుదు. కాట్పాడి స్టేషనులో దిగి, రోగిని వెంటబెట్టుకొని ఆ గేటు వద్దకు చేరిన పెద్దలు మనలో అనేకులున్నారు. డాక్టర్ ఐడా స్కడర్ గారిని గూర్చి మనము తరచుగా చెప్పుకొందుము. అదే ఆసుపత్రిలో సేవచేసిన మేరీ వర్గీస్ గారిని గూర్చి మన యౌవనస్థులకు అంతగా తెలియదు గనుక ఆమె జీవితమును ఇక్కడ క్లుప్తముగా వ్రాయుచున్నాము.

ఆమె 1925లో కొచ్చిన్‌లో జన్మించారు. వేలూరులో వైద్యవిద్య ముగించి అక్కడే పనిచేయుచుండగా, 1954 జనవరిలో తోటి వైద్యులతో కలిసి ప్రయాణము చేయుచున్న వాహనము ప్రమాదమునకు గురియైనది. ముఖమునకు తీవ్రమైన గాయములు తగిలినవి. వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుబడినది. అప్పటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు నిండలేదు.

ఆ దినములలో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠురోగుల చేతులకు ఆపరేషనులు చేయుచుండిరి. చేతి ఆపరేషను కూర్చుండి చేయదగిన పని. కనుక మేరీ గారిని ఆ పనికి ప్రోత్సహించారు. చక్రాల కుర్చీలో కూర్చుండియే ఆమె వందలాది చేతులను బాగుచేయుటకు పూనుకొన్నారు.

ఇక్కడ కొంచెము ఆగి ఆ పని ఎట్టిదో చెప్పవలెను. కుష్ఠు వలన నరములు చచ్చి వ్రేళ్లు కొంకర్లు పోవును. అప్పుడు వైద్యుడు బాగుగానున్న కండరము యొక్క స్నాయువును తీసి మరియొక చోట కుట్టును. అయితే నిన్నటివరకు ఒక వ్రేలిని ముడిచిన ఆ స్నాయువునకు ఇప్పుడు వేరొక పని పడినది. ఆ సంగతి రోగి మనస్సు నేర్చుకొనవలెను. కట్టు విప్పిన తరువాత వారముల తరబడి సాధన చేసి, మట్టి పిసికి, కొయ్య పట్టుకొని, చెంచాతో అన్నము తిని, రోగియే ఆ చేతికి పని నేర్పవలెను. రోగి పూనుకొనకపోతే ఎంత చక్కని ఆపరేషనైనా వ్యర్థమే. మనవారు వైద్యుని హస్తవాసిని మెచ్చుకొందురు. ఈ వైద్యములో రోగి హస్తవాసి కూడ కావలెను!

తరువాత ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో తాను రోగిగా శిక్షణ పొందారు. పిదప న్యూయార్కులో డాక్టర్ హోవార్డ్ రస్క్ గారి సంస్థలో పునరావాస వైద్యము చదివి 1962లో తిరిగి వచ్చారు. 1963లో వేలూరులో ఆ శాఖకు అధిపతియైనారు. 1966లో పునరావాస సంస్థ ప్రారంభమైనది.

ఆక్యుపేషనల్ థెరపీ అనగానే ఉద్యోగము ఇప్పించు శాఖ అని మనలో కొందరు తలంచుచున్నారు. అది కాదు. స్నానము చేయుట, బట్ట కట్టుకొనుట, వంట చేయుట మొదలుకొని మనిషి దినమంతయు చేయు పనులన్నియు అందులో చేరును. ఆ చదువు చదువు విద్యార్థి మొదట నేర్చుకొనవలసినది అడుగుట. ఇంటికి మెట్లున్నవా? నీళ్లు ఎక్కడ నుండి తెచ్చుకొందురు? పొయ్యి నేలమీద ఉన్నదా? మరల ఏ పని చేయవలెనని మీ కోరిక? రైతునకు కొడవలి పట్టు కావలెను, దర్జీకి సూది పట్టు కావలెను. ఇది రోగి చెప్పనిదే ఏ పుస్తకములోను దొరకదు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి పుండ్లు పడకుండ పడకలో తరచుగా ప్రక్కకు తిప్పవలెను; కుర్చీలోనున్నప్పుడు మధ్యమధ్య తామే చేతులపై లేవవలెను. దీనిని రోగియు, ఇంటివారును నేర్చుకొననిచో ఆసుపత్రిలో పొందిన మేలు ఇంటికి చేరిన కొద్ది వారములకే పోవును.

మేరీ గారు వార్డులోనికి వచ్చునప్పుడు నడిచి రాలేదు, చక్రములపై వచ్చారు. నీకేమి తెలియునని ఆమెను ఏ రోగియు అడుగలేడు. పట్టాలకన్న ఆ కుర్చీయే ఆమెకు గొప్ప అర్హతయని మా అభిప్రాయము. సానుభూతితో సరిపెట్టుటకు గాని, నావల్ల కాదని రోగి తప్పించుకొనుటకు గాని అక్కడ తావులేదు.

1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చినది. 1986లో ఆమె మరణించారు. ఆ సంస్థ నేడు ఆమె పేరుతోనే వేలూరు బాగాయములో నడుచుచున్నది. ఊరిలోని పెద్ద ఆసుపత్రికి, దీనికి కొంత దూరమున్నది గనుక వెళ్లువారు ముందుగా విచారించుకొని బయలుదేరుట మంచిది; రోగితోపాటు ఇంటిలో ప్రతిదినము ఆ రోగిని చూచుకొను మనిషినే తోడు తీసికొని వెళ్లవలెను.