లాయర్‌ పని వదిలి.. మాయా అడవుల్లోకి!

మాయా అనగానే మనకు ముందు మాయాబజార్‌ సినిమా గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పుకునే మాయా మాత్రం ఒక జాతి పేరు. మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, బెలీజ్‌, హోండురస్‌ అడవుల్లో రాతి పిరమిడ్లు, రాజభవనాలు కట్టిన జనం వాళ్లు. వాళ్ల వారసులు లక్షల మంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ట్రావెల్‌ వీడియోల్లో తరచూ కనిపించే చిచెన్‌ ఇట్జా పిరమిడ్‌ వాళ్లదే. అయితే 1840కి ముందు ఈ నగరాల గురించి బయట చాలామందికి తెలియదు. ఒకరిద్దరు చూసి రాసినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అందరూ వాటివైపు చూసేలా చేసింది న్యూయార్క్‌కి చెందిన ఓ లాయరు. పేరు జాన్‌ లాయిడ్‌ స్టీఫెన్స్‌.

గొంతు మార్చిన దారి

స్టీఫెన్స్‌ 1805 నవంబరు 28న న్యూజెర్సీలో పుట్టాడు. పెరిగింది న్యూయార్క్‌లో. 17 ఏళ్లకే కొలంబియా కాలేజీలో డిగ్రీ పూర్తి చేసి, ఆపై లా చదివి ప్రాక్టీసు పెట్టాడు. రాజకీయ సభల్లో ప్రసంగాలంటే మహా హుషారు. అలా మాట్లాడీ మాట్లాడీ గొంతుకి ఇన్‌ఫెక్షన్‌ వచ్చింది. కొన్నాళ్లు ఊరు మారి రమ్మన్నాడు డాక్టరు. 1834లో యూరప్‌కి ఓడెక్కాడు.

గ్రీసు, టర్కీ, రష్యా, పోలండ్‌ తిరిగాడు. ఈజిప్టు వెళ్లి నైలు నదిపై ప్రయాణించాడు. కైరో వ్యాపారిలా వేషం వేసుకుని, ఇప్పటి జోర్డాన్‌లో ఉన్న పెట్రా దాకా వెళ్లాడు. దారి పొడవునా చూసింది చూసినట్టు రాసుకున్నాడు. 1837లో వచ్చిన ఆ పుస్తకం బాగా అమ్ముడైంది. ఇక కోర్టు మొహం చూడాల్సిన అవసరం లేకపోయింది. తిరగడం, రాయడమే అతని వృత్తి అయింది.

ప్రభుత్వం ఎక్కడుంది?

ఫ్రెడరిక్‌ కాథర్‌వుడ్‌ ఇంగ్లండ్‌ ఆర్కిటెక్ట్‌. ఈజిప్టు, జెరూసలేం కట్టడాల బొమ్మలు వేసినవాడు. ఇతనితో స్టీఫెన్స్‌కి దోస్తీ కుదిరింది. మధ్య అమెరికా అడవుల్లో శిథిలాలున్నాయని చదివిన ఇద్దరూ వెళ్లి చూసొద్దామనుకున్నారు. సరిగ్గా అప్పుడే అక్కడ అమెరికా దౌత్యవేత్త పోస్టు ఖాళీ అయింది. స్టీఫెన్స్‌ అడిగాడు, అధ్యక్షుడు వాన్‌ బ్యూరెన్‌ ఇచ్చాడు.

1839 అక్టోబరులో ప్రయాణం మొదలైంది. అప్పటికి మధ్య అమెరికా సమాఖ్య అంతర్యుద్ధంతో ముక్కలవుతోంది. తన పత్రాలు ఎవరి చేతికివ్వాలో తెలియక స్టీఫెన్స్‌ దేశదేశాలూ తిరిగాడు. చివరికి ఇవ్వడానికి ప్రభుత్వమే దొరకలేదు! దారిలో ఓ ఊళ్లో సాయుధులు వీళ్లను రాత్రంతా నిర్బంధించారు కూడా.

ఆ నవంబరులోనే హోండురస్‌లోని కోపాన్‌ చేరారు. చెట్ల వేళ్ల మధ్య మెట్ల వరుసలు, మనిషికి రెట్టింపు ఎత్తున్న శిల్పాల స్తంభాలు. స్థానిక యజమాని అనుమానంగా చూస్తుంటే, స్టీఫెన్స్‌ 50 డాలర్లకు ఆ చోటునే కొనేశాడు.

అసలు కష్టం కాథర్‌వుడ్‌ది. అతని దగ్గరున్న టెక్నాలజీ కెమెరా లూసిడా. ఇందులో ఉండేది చిన్న పట్టకం. దాంట్లోంచి చూస్తే ఎదుటి వస్తువు నీడలా కాగితం మీద కనిపిస్తుంది, దాని వెంట పెన్సిల్‌ నడపాలి. పరికరం ఉన్నా మొదట్లో బొమ్మ కుదరలేదు. ఆ శిల్పాలు అతను అప్పటిదాకా గీసినవాటికి పూర్తిగా వేరు. బురదలో నిలబడి, దోమలకు చేతులకు గ్లవ్స్‌ తొడుక్కుని, గీసీ గీసీ చేయి తిప్పుకున్నాడు.

1840 మేలో మెక్సికోలోని పాలెంకే చేరి, పాడుబడ్డ రాజభవనంలోనే మకాం పెట్టారు. ఒకటే వాన, దోమలు. అక్కడి మిణుగురుల వెలుగులో పేపరు చదివామని రాశాడు స్టీఫెన్స్‌. ఉష్మల్‌లో కాథర్‌వుడ్‌ జ్వరంతో కుప్పకూలడంతో వెనుదిరిగారు. 1841లో పుస్తకం వచ్చింది, జనం ఎగబడి కొన్నారు. అదే ఏడాది మళ్లీ యుకతాన్‌ వెళ్లి 40కి పైగా శిథిలాలు చూశారు. అప్పుడే కొత్తగా వచ్చిన డాగెరోటైప్‌ కెమెరానూ తీసుకెళ్లారు. ఫొటోలు సంతృప్తిగా రాకపోవడంతో కాథర్‌వుడ్‌ మళ్లీ పెన్సిలే పట్టాడు.

ఎవరు కట్టారంటే..

స్టీఫెన్స్‌ని ఇప్పటికీ తలచుకోవడానికి అసలు కారణం ఇక్కడుంది. ఇంత గొప్ప నగరాలు అక్కడి జనం కట్టారంటే ఆ రోజుల్లో చాలామంది నమ్మలేదు. ఈజిప్టు వాళ్లన్నారు, ఫినీషియన్లన్నారు, ఇజ్రాయెల్‌ నుంచి తప్పిపోయిన తెగలన్నారు. స్టీఫెన్స్‌కి ఒక సౌలభ్యం ఉంది. అతను ఈజిప్టుని కళ్లారా చూశాడు. అక్కడి పిరమిడ్‌ మొనదేలి ఉంటుంది. ఇక్కడిది పైన చదునుగా, దాని మీద గుడితో, ఎక్కడానికి మెట్లతో ఉంటుంది. స్తంభాలు, శిల్పాలు దేనికీ పోలిక లేదు. కోపాన్‌లో చూసిన లిపే పాలెంకేలోనూ కనిపించింది. అన్నీ బేరీజు వేసి తేల్చాడు: ఇవి అక్కడి ప్రజల పూర్వీకులే కట్టినవి. రాళ్ల మీద ఉన్నది వాళ్ల చరిత్రేనని కూడా ఊహించాడు. ఆ శాసనాల్లో రాజుల జీవితాలున్నాయని 1960లో తత్యానా ప్రొస్కూరియాకోఫ్‌ ఆధారాలతో చూపించింది.

మరి ఇంత తెలిసినవాడూ ఒక తప్పు చేశాడు. శిల్పాలను న్యూయార్క్‌లో మ్యూజియంగా పెట్టాలనుకున్నాడు. ఉష్మల్‌ భవనంలోని లిపి చెక్కిన చెక్క దూలాన్ని ఊడదీయించి తీసుకెళ్లాడు. వందల ఏళ్లు అడవిలో తట్టుకున్న ఆ దూలం 1842 జులైలో న్యూయార్క్‌ అగ్నిప్రమాదంలో బూడిదైంది. కాథర్‌వుడ్‌ బొమ్మలూ చాలావరకు దాంతోపాటే పోయాయి.

తర్వాత స్టీఫెన్స్‌ పనామా రైల్వే కంపెనీలో చేరి అధ్యక్షుడయ్యాడు. చిత్తడి నేలల్లో ఆ లైను వేస్తూ వేల మంది కూలీలు చనిపోయారు. అతని ఆరోగ్యమూ అక్కడే దెబ్బతింది. 1852 అక్టోబరు 13న, 46 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశాడు. లైను పూర్తయింది 1855లో. కాథర్‌వుడ్‌ 1854లో ఓడ మునిగి చనిపోయాడు.

ట్రావెల్‌ రైటింగ్‌, వ్లాగింగ్‌ కెరియర్‌గా ఎంచుకునేవాళ్లు స్టీఫెన్స్‌ నుంచి పట్టుకోవాల్సింది ఒకటుంది. ఒక చోటు గురించి చెప్పాలంటే ఇంకో నాలుగు చోట్లు చూసి ఉండాలి, పోల్చాలి. ఆ ఘనత ఎవరిదో వాళ్లకే ఇవ్వాలి. దూలం విషయంలో మాత్రం అతని దారి వద్దు!

అతను నడిచిన చోట్లు

* కోపాన్‌ (హోండురస్‌): 1980 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. చెక్కిన రాతి స్తంభాలు, శాసనాల మెట్లు ప్రత్యేకం.
* పాలెంకే (మెక్సికో): 1987లో జాబితాలో చేరింది. స్టీఫెన్స్‌ బస చేసిన రాజభవనం ఇక్కడిదే.
* చిచెన్‌ ఇట్జా (మెక్సికో): 1988లో గుర్తింపు, 2007లో కొత్త ఏడు వింతల్లో చోటు.
* ఉష్మల్‌ (మెక్సికో): 1996లో గుర్తింపు. స్టీఫెన్స్‌ రెండు యాత్రల్లోనూ వచ్చిన చోటు.