పిడికెడు బియ్యం అడిగిన బిషప్పు

వాడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్‌కు నిజాం రైలుమార్గం 1874లో వచ్చింది. అదే మార్గం వరంగల్, డోర్నకల్ దాటి 1889 నాటికి బెజవాడ చేరింది. వికారాబాద్‌లో మెథడిస్టు మిషన్ బడులను, ఆసుపత్రిని ఎరిగిన విశ్వాసులకు పరిచర్య అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే ఆ పట్టాలకు ఆవలి వైపున, డోర్నకల్‌లో జరిగిన పనికి ఒక ప్రత్యేకత ఉంది. అది విదేశీ ధనంతో మొదలైనది కాదు. దాని వెనుక నిలిచిన దైవజనుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

ఆయన తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై గ్రామంలో ఒక పల్లె గురువుకు జన్మించాడు. యువకుడిగా వై.ఎం.సి.ఎ. కార్యదర్శి అయ్యి దక్షిణ భారతమంతా తిరిగాడు. 1902లో యాళ్పాణం వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సువార్తికులను పంపడం చూశాడు. తరతరాలుగా సువార్త విన్న తన తిరునల్వేలి సంఘాలు ఒక్కరినీ బయటికి పంపలేదన్న సంగతి ఆయనను నిద్రపోనివ్వలేదు. మరుసటి ఏడే, 1903 ఫిబ్రవరిలో, ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుషులూ మనవాళ్లే, కానుకలూ మనవే. ఆ సొసైటీ ఎంచుకున్న పొలమే డోర్నకల్.

ఇతరులను పంపి తాను ఇంట కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. 1909లో, ముప్పై అయిదేళ్ల వయసులో, పేరూ పదవీ విడిచి భార్యాబిడ్డలతో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. ఒక భారతీయుడి కింద పనిచేయడమా అని వెనకాడిన తెల్లవారు ఆనాడు లేకపోలేదు.

ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. అప్పుల్లో పుట్టి అప్పుల్లోనే కన్నుమూసేవారు. అలాంటివారిని కానుక అడగడం అన్యాయం కాదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. అజరయ్య ఆలోచన వేరు. ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉన్న మనిషి తల ఎత్తలేడు, ఇచ్చిన రోజున లేచి నిలబడతాడు అని ఆయన నమ్మాడు. అందుకే తల్లులకు ఒక చిన్న పని అప్పగించాడు. వంటకు ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో వేయాలి. ఆదివారం దానిని గుడికి తేవాలి. కోత పండుగకు ధాన్యం, కోళ్లు, మేకపిల్లలు వచ్చేవి. వాటిని వేలం వేసి ఆ సొమ్ము సంఘం పనికి వాడేవారు.

బియ్యం కంటే కష్టమైనది సమయం. ఏటా ఒక వారం సాక్ష్యపు వారంగా ఏర్పరచి, గురువులే కాదు, కూలీలూ స్త్రీలూ కూడా జీతం లేకుండా పల్లెలకు వెళ్లాలని బిషప్పు కోరాడు. మన తాండూరు వైపు కందుల కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక వారం కూలి వదులుకొమ్మంటే ఎందరం లేస్తామో ఆలోచించండి. వాళ్లు గుంపులు గుంపులుగా వెళ్లారు. బాప్తిస్మం పొందినవారి చేతిని వారి తలపైనే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను ఒప్పుకోలుగా చెప్పించేవాడట.

సువార్తతోపాటు ఆయన నాలుగు శత్రువుల గురించి పల్లెలను హెచ్చరించాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు. అక్షరం రానివారి నడుమ ఇది తేలిక పని కాదు. తాగుడు మానినవాడిని చూసి పొరుగువాడు ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. దినదినం కనిపించే ఆ మార్పే ప్రసంగం కంటే ఎక్కువగా మాట్లాడింది. ఆయన శ్రీమతి అన్బు మరియమ్మాళ్ స్త్రీల మధ్య పాటుపడింది. 1912లో సుమారు 56 వేలున్న ఆ అధ్యక్ష మండలపు విశ్వాసులు 1941కి 2 లక్షల 25 వేలయ్యారు. మతాంతరీకరణ విషయంలో 1930లలో గాంధీజీకీ ఆయనకూ గట్టి అభిప్రాయభేదం వచ్చినా, అజరయ్య తన పని మానలేదు.

డోర్నకల్ దేవాలయం ఏళ్ల తరబడి కట్టుబడి సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. హైందవ, ఇస్లాం కట్టడాల తీరులు అందులో కలిసి ఉన్నాయి. ఏ పరదేశపు నమూనానూ దించుకోలేదు. సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడి సమావేశం నాటినుంచి శ్రమించిన ఆయన, దాని ఫలమైన దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడడాన్ని చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువు సన్నిధికి చేరాడు. విజయవాడలో ఆయన పేరిట బాలికల ఉన్నత పాఠశాల ఉంది.

నవంబరులో ధారూరు జాతరకు వచ్చే కుటుంబాల్లో కొన్నిటి వంటింట్లో ఈనాటికీ బియ్యం డబ్బా పక్కన మరో చిన్న డబ్బా కనిపిస్తుంది. ఆదివారం ఉదయం ఆ ఇంటి పెద్దమ్మ దాన్ని సంచిలోకి ఒంపి, మూతి కట్టి, గుడికి బయలుదేరుతుంది.