డాక్టరు హెర్మన్ కోన్

నల్లబల్లమీది యక్షరములు కానరాక ప్రక్కవాని పుస్తకములోనికి తొంగిచూచి, అందులకై మందలింపులు పొందు బాలుడు ప్రతి పాఠశాలయందును ఒకడైన నుండును. వాని లోపము బుద్ధిలో గాక కంటిలో నున్నదని అంకెలతో జూపిన యొక వైద్యుని చరిత్రమును మా చదువరుల కెఱిగింపదలచితిమి.

హెర్మన్ కోన్ 1838వ సంవత్సరము జూను 4వ తేదీన బ్రెస్లా నగరమున జన్మించెను. అప్పుడా నగరము ప్రష్యా రాజ్యములోనిది. నేడు పోలండు దేశమున వ్రొత్స్వాఫ్ అను పేర బరగుచున్నది. ఆయన మొదట భౌతిక రసాయనశాస్త్రముల నభ్యసించి, హైడెల్‌బర్గులో బున్సెన్, కిర్కాఫ్ పండితులకు శిష్యుడై, పిమ్మట వైద్యమునకు మరలెను. కొలిచి చూడక దేనిని నమ్మని యలవాటు ఆయనకు ప్రయోగశాలలోనే యబ్బియుండునని మా తలంపు.

దగ్గరివి స్పష్టముగాను, దూరపువి మసకగాను కానవచ్చుట హ్రస్వదృష్టి. కనుగ్రుడ్డు ముందువెనుకలకు మితిమీరి పొడవగుటచే నిది సాధారణముగా గలుగును. బడిలో నిది యెందఱికి గలదో తెలిసికొనగోరి, కోన్ 33 పాఠశాలలలో 10,060 మంది పిల్లల కన్నులను పరీక్షించెను. యంత్రసాధనము లంతగా లేని యా దినములలో, ఒక్కొక్క బిడ్డను నిలువబెట్టి యక్షరములు చదివించి, చదువలేనివారికి కటకములు మార్చి మార్చి చూచుట యెంత యోపికతో గూడిన పనియో యుపాధ్యాయులు గ్రహింపగలరు. ఫలితములను 1867లో గ్రంథముగా ప్రకటించెను.

పల్లెబడులలో నూటికి 1.4, పట్టణపు ప్రాథమిక పాఠశాలలలో 6.7, జిమ్నేషియములను ఉన్నత పాఠశాలలలో 26.2 వంతున హ్రస్వదృష్టి గలవారు తేలిరి. జిమ్నేషియముల పై తరగతిలోనో, సగముకంటె నెక్కువ! చదువు హెచ్చినకొలది చూపు తగ్గుచున్నదన్నమాట.

అంతట నాయన బడిగదులపై దృష్టి నిలిపెను. బల్లలు పిల్లల యెత్తునకు దగియుండవలెననియు, కిటికీల వైశాల్యము నేల వైశాల్యములో నైదవవంతునకు తగ్గరాదనియు, బడులకు వైద్యులుండవలెననియు జీవితాంతము వాదించెను. 1874లో బ్రెస్లా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి నొంది, 1906 సెప్టెంబరు 11న గతించెను. నెపోలియను చరిత్రము వ్రాసిన ఎమిల్ లుడ్విగ్ ఈయన కుమారుడే.

వంగి చదువుటయే ప్రధాన దోషమని కోన్ యెంచెను. ఇందులో గొంత నిజము లేకపోలేదు. అయితే వెలుతురును బడిలోనికి దెచ్చుటకంటె బిడ్డలను వెలుతురులోనికి బంపుటయే మేలని తరువాతివారు కనుగొనిరి. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడులయందు మొదటి తరగతి పిల్లలకు దినమునకు 40 నిమిషములు ఆరుబయట అదనముగా గడపు నేర్పాటు చేసిరి. మూడేండ్లలో వారిలో నూటికి 30.4 మందికి హ్రస్వదృష్టి కొత్తగా రాగా, మామూలు బడులలో 39.5 మందికి వచ్చెను. ఈ సంగతి 2015లో వెల్లడియయ్యెను.

నేడు చూపును పరీక్షించు ఆప్టోమెట్రిస్టులు కోన్ పదివేలమందికి చేసినదానిని ఒక్కొక్క బిడ్డకు మరల మరల చేయుచున్నారు. కంటి పొడవును కొలిచి వ్రాసియుంచి, కొన్ని నెలలకు మరల కొలిచి, అది యెంత వేగమున బెరుగుచున్నదో పోల్చిచూతురు. లోపము మిక్కిలి పెరిగినచో పెద్దతనమున కంటి లోపలిపొర యూడివచ్చు నపాయము హెచ్చును గనుక, వేగము తగ్గించుటయే వారి ముఖ్యోద్దేశము. అందులకై ప్రత్యేకముగా దీర్చిన సులోచనములు, రాత్రివేళ ధరించు కాంటాక్టు లెన్సులు, వైద్యుని యాజ్ఞపై స్వల్పమోతాదు అట్రోపిన్ చుక్కలు గలవు. ఇవి పెరుగుదలను మందగింపజేయునే గాని, పొడవైన కంటిని మరల పొట్టి చేయజాలవు.

అద్దములు పెట్టినచో కన్ను వానికి దాసమగునని కొందఱు తల్లిదండ్రులు, ముఖ్యముగా ఆడపిల్లల విషయమున, వెనుదీయుదురు. మఱికొందఱు కావలసినదానికంటె తక్కువ బలముగల యద్దములు కోరుదురు. అట్టి యద్దములు లోపమును నిలిపినట్లు పరీక్షలలో తేలలేదు. బిడ్డకు నల్లబల్ల మాత్రము మసకగానే యుండును.