అంగడి మాటలకు ఆదరణ చూపిన బ్రౌను

సంతలో బేరమాడు రైతు, జమాఖర్చులు వ్రాయు గుమాస్తా, వడ్డీ లెక్కించు షావుకారు పలుకు మాటలకు నిఘంటువులో చోటుండవలెనా? మన పూర్వులు రచించిన ఆంధ్రనామసంగ్రహము వంటి పద్యనిఘంటువులు కావ్యపఠనమునకు ఉపకరించునవి. వానిలో అంగడి మాటలకై వెదకువానికి ఆశాభంగమే మిగులును. ఆ కొఱతను తీర్చుటకు పాటుపడినవారిలో అగ్రగణ్యుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. బ్రౌను అచ్చట హెయిలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువునకై 1817లో మద్రాసు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చుకొనెను. 1820లో కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను.

గ్రంథములలో నేర్చిన తెలుగు వేఱు, కచేరిలో వినబడు తెలుగు వేఱు. కంపెనీవారికి పూర్వము ఆ సీమ ముస్లిము ప్రభువుల యేలుబడిలో నుండెను. అందుచేత వసూలు, బాకీ, కిస్తీ, రసీదు, జామీను, ఖరీదు, దుకాణము వంటి అరబ్బీ, పారశీక పదములు వ్యవహారమున పాతుకొనిపోయెను. వాని సరసనే వెల, అప్పు, అంగడి అను అచ్చతెలుగు మాటలును, సంస్కృతమందలి వృద్ధి శబ్దమునుండి పుట్టిన వడ్డీయును నిలిచియుండెను. కొలతల సంగతి మఱింత చిక్కైనది. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. తూకమునందు ఎనిమిది వీసెలు మణుగు, ఇరువది మణుగులు బారువ. పేరొక్కటియే యైనను పరిమాణము సీమసీమకును మాఱుచుండెను. ఈ మాటలు తెలియని అధికారి దుబాసీ చెప్పినదే నమ్మవలసియుండెను. బాకీ యెంతయో, చెల్లు యెంతయో అతనికి తెలియనప్పుడు నష్టపోవువాడు రైతే.

మచిలీపట్టణము, రాజమహేంద్రవరములలో పనిచేసిన పిమ్మట బ్రౌను మరల కడప చేరి, అచ్చట బంగళా కొని, పండితులను పిలిపించి సొంత సొమ్ముతో వేతనములిచ్చి వ్రాతప్రతులను పరిష్కరింపజేసెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఈ సాహిత్యసేవ ఆయనను అప్పులపాలు చేసెను. అప్పు, వడ్డీ, వాయిదా అను మాటల భారము ఆయన స్వానుభవముననే యెఱిగెను.

1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు పీడించెను. ఇతరాధికారులు కొఱత అను మెత్తని మాటతో సరిపుచ్చుచుండగా, బ్రౌను తన లేఖలలో దానిని కరువనియే పేర్కొనెను. ఆకలితో జనులు చచ్చుచుండగా మాటను పలుచన చేయుట ఆయనకు సమ్మతము కాలేదు. పై అధికారులతో ఆయనకు పొత్తు కుదరలేదు. 1834లో కొలువు పోయెను. ఇంగ్లండు వెళ్ళి, పారశీక భాషానువాదకుడుగా మరల మద్రాసు వచ్చెను.

ఏండ్ల తరబడి చేసిన కృషి 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుగా ఫలించెను. అదే సంవత్సరము, వ్యవహారమున వాడు పదములను రోమను లిపిలో కూర్చి జిల్లా నిఘంటువును వెలువరించెను. తెలుగులో కలిసిన అన్యదేశ్యములను ప్రత్యేకముగా సేకరించి, మిశ్రభాషా నిఘంటువును 1854లో ప్రకటించెను. పండితుడు ఈసడించిన మాటయైనను, దానితో రైతు బ్రతుకు ముడివడియున్నచో, దాని అర్థము విచారింపదగినదేయని ఆయన పని నిరూపించినది. ఆ నిఘంటువులలో లోపములు లేకపోలేదు. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువునకు 1903లో వెలువడిన కూర్పును సవరించినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారొకరు.

బ్రౌను 1855లో ఉద్యోగము విడిచి ఇంగ్లండు వెళ్ళెను. లండనులో కొంతకాలము తెలుగు ఆచార్యుడుగా నుండి, 1884 డిసెంబరు 12వ తేదీన పరమపదించెను. కడపలో ఆయన బంగళా యున్న తావున ఆయన పేరిట గ్రంథాలయము వెలసినది.

విద్యార్థులారా! దశాంశ పద్ధతి కొలతల చట్టము 1956లో వచ్చిన పిమ్మట మానికయు, మణుగును అంగళ్ళనుండి క్రమముగా తొలగిపోయినవి. మీ యింట పాత లెక్కల పుస్తక మున్నచో తెఱచి చూడుడు. అందు తెలియని మాట కనబడినప్పుడు బ్రౌను నిఘంటువును తిరుగవేయుడు. మీ ముత్తాత పండించిన పంట యెంతయో, తీర్చిన అప్పు ఎంతయో అప్పుడు మీకు తెలియగలదు.