గ్రంథాలయ సేవాపరాయణులు గాడిచర్ల హరిసర్వోత్తమరావు

ప్రభుత్వోద్యోగమునకు పనికిరాడని ఇరువదినాల్గవ యేట నిషేధింపబడిన యొక యువకుడు, తక్కిన జీవితమునంతయు ప్రజల కొలువుననే గడపెను. ఆ కొలువునకు నియామక పత్రము లేదు, పదవీ విరమణ లేదు. ఆ యువకుడే తరువాతి కాలమున ఆంధ్ర తిలకుడని పేరు గాంచిన శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పని చేయుచు, రాజధానియందు కాపురముండు మన తెలుగు కుటుంబములవారు ఆ మహనీయుని చరిత్రను ఒకసారి జ్ఞప్తికి దెచ్చుకొనుట ఉచితము. నేడు ఏ గ్రంథాలయమునందైనను రుసుము లేకుండ ఉపన్యాసము విని, పిల్లలకు కథలు వినిపించి, బొమ్మల ప్రదర్శనము చూచి వచ్చుచున్నామన్న, అట్టి యాచారమునకు తెలుగునాట పాదులు త్రవ్విన వారిలో హరిసర్వోత్తమరావుగారు ముఖ్యులు.

వీరు 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. కలిమి గల కుటుంబము కాదు. కష్టములకోర్చి చదువు సాగించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో 1906లో ఎం. ఏ. పట్టము పొందిరి. ఆ దినములలో ఎం. ఏ. చదివిన తెలుగువారు అరుదు. దొరతనమువారి కొలువులో చేరిన యెడల డిప్యూటీ కలెక్టరు పదవి దుర్లభము కాదు. కాని ఉపాధ్యాయుడు కావలెనను కోరికతో వీరు రాజమహేంద్రవరములోని శిక్షణ కళాశాలలో చేరిరి.

1907 ఏప్రిల్ మాసమున బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి చేసిన యుపన్యాసములు విద్యార్థుల హృదయములను కదలించెను. విద్యార్థులు వందేమాతరమను అక్షరములు గల పతకములను రొమ్మున ధరించి తరగతులకు రాసాగిరి. ప్రిన్సిపాలు మార్క్ హంటరు దొర దానిని సహింపలేదు. పలువురు బహిష్కరింపబడిరి. నాయకత్వము వహించిన హరిసర్వోత్తమరావుగారు కళాశాల నుండి వెడలగొట్టబడుటయేగాక, ప్రభుత్వోద్యోగమునకు అనర్హులుగ ప్రకటింపబడిరి.

తలుపు మూతపడగా వారు కలము పట్టిరి. 1908లో బెజవాడ నుండి స్వరాజ్య వారపత్రికను నడపిరి. తిరునల్వేలిలో ప్రజలపై జరిగిన కాల్పులను గూర్చి ఆ పత్రికలో వెలువడిన వ్యాసము రాజద్రోహముగ నెంచబడెను. తిలకు మహాశయుడు ఖైదు చేయబడిన ఆ సంవత్సరమే వీరికిని కారాగారవాసము ప్రాప్తించెను. మూడు సంవత్సరముల శిక్షను వేలూరు జైలులో అనుభవించిరి. రాజద్రోహ నేరముపై చెఱకేగిన తొలి తెలుగు నాయకులలో వీరొకరు.

చెఱ వీడి వచ్చిన వారికి ఆశ్రయ మిచ్చినది విద్యా ప్రపంచమే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి తన తొలి ప్రచురణముగ వెలువరించిన అబ్రహాము లింకను చరిత్రను రచించినవారు హరిసర్వోత్తమరావుగారే. లక్ష్మణరావుగారు 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయ స్థాపనకు తోడ్పడిన మహాపండితులు. అట్టివారి సహవాసమున హరిసర్వోత్తమరావుగారు విజ్ఞాన సర్వస్వ నిర్మాణమున పని చేసిరి. పత్రికా రచన చేసిరి. హోమ్‌రూల్ ఉద్యమమున పాల్గొనిరి. ఐనను వారి జీవితమునకు స్థిరమైన గమ్యము నొసగినది గ్రంథాలయోద్యమము.

ఆ యుద్యమము స్వరూపమును కొంత తెలిసికొనిననే వారి సేవ విలువ బోధపడును. 1911లో బెజవాడయందు రామమోహన ధర్మ పుస్తక భాండాగారము వెలసెను. ఆ పేరులోని ధర్మ శబ్దమును మనము గమనింపవలెను. ధర్మసత్రము, ధర్మాసుపత్రి అన్నట్లే ఇదియును. ఆకలిగొన్నవానికి సత్రమునందు అన్నము పెట్టినట్లు, తెలిసికొనగోరినవానికి వెల యడుగక పుస్తకము నిచ్చుట దీని యాశయము. 1914 ఏప్రిల్ 10వ తేదీన అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము అప్పుడే ఏర్పడెను. గ్రంథాలయ సర్వస్వమను పత్రిక తరువాత వెలువడెను.

ఈ సంఘమునకు హరిసర్వోత్తమరావుగారు దీర్ఘకాలము అధ్యక్షులై, వెంకటరమణయ్యగారితోడను, పాతూరి నాగభూషణముగారితోడను కలిసి పని చేసిరి. వారి ముందున్న చిక్కు సామాన్యమైనది కాదు. ఊరిలో నూటికి తొంబది మంది చదువురానివారై యుండగా, గ్రంథాలయ మెవరికొఱకు? బీరువాలో పుస్తకములు సర్ది తాళము వేసిన, అది నలుగురు చదువుకొన్నవారి సొత్తగునేగాని ఊరి సొత్తు కాజాలదు. ఇందుచేతనే హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయమును, వయోజన విద్యను ఒక బండికి రెండు చక్రములుగ భావించిరి. వయోజన విద్యోద్యమమునకు గూడ నాయకులై గ్రామగ్రామము తిరిగిరి.

ఆనాటి పల్లె గ్రంథాలయముల సాయంకాలములు నేటి పట్టణ గ్రంథాలయముల కార్యక్రమములకు ఏ మాత్రమును తీసిపోవు. దీపము వెలిగించు వేళకు పొలము పనులు ముగించుకొని జనులు అరుగుపై చేరెడివారు. ఒకరు వార్తాపత్రికను బిగ్గరగ చదువగా తక్కినవారు వినెడివారు. పురాణ పఠనము, హరికథ, భజన జరిగెడివి. ఆరోగ్యమును గూర్చియు, వ్యవసాయమును గూర్చియు ఉపన్యాసములుండెడివి. రాత్రి పాఠశాలలో పెద్దలు అక్షరములు దిద్దెడివారు. పురాణము వినవచ్చినవాడు పత్రిక విని, పత్రిక విన్నవాడు పలక పట్టి, పలక పట్టినవాడు పుస్తకము నడుగును. వీనికెల్ల రుసుము లేదు. గ్రంథాలయ యాత్రలను పేర కార్యకర్తలు బృందములుగ ఊరూరు తిరిగి ప్రచారము చేసిరి. 1935లో నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలపై పడవ గ్రంథాలయమును నడపి, రేవు రేవునకు పుస్తకములను చేర్చిరి.

ఐతే ధర్మము మీద నడచు సంస్థకు ఒక దౌర్బల్యము కలదు. దాత చేయి ముడిచిన దీపము కొండెక్కును. పెక్కు గ్రామములలో ఉత్సాహవంతుడొకడు ఊరు విడిచిపోగానే గ్రంథాలయము మూతబడెను. కనుక గ్రంథాలయము దాతల దయపై గాక చట్టముపై నిలువవలెనను పట్టుదల ఉద్యమ నాయకులలో ప్రబలెను. రంగనాథన్‌గారి చిత్తుప్రతి ఆధారముగ 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టము వచ్చెను. స్వతంత్ర భారతమున ఇదియే తొలి గ్రంథాలయ చట్టము. ఆంధ్ర జిల్లాలకు ఇది వర్తించెను. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకు వేరొక చట్టమయ్యెను. ఈ రెంటి స్థానమున 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వెలసెను. ఇంటిపన్నుతో పాటు చెల్లించు గ్రంథాలయ పన్ను వలన జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆదాయ మేర్పడెను. ధర్మముగ నిచ్చినది హక్కుగ మారెను. ప్రతి గృహస్థుడును దానికి దాతయే, ప్రతి గృహస్థుడును దానికి హక్కుదారుడే.

ఆ సంవత్సరమే, 1960 ఫిబ్రవరి 29వ తేదీన హరిసర్వోత్తమరావుగారు పరమపదించిరి. వారి వర్ధంతి తిథి మన పంచాంగము ప్రకారము ఏటేట వచ్చినను, ఇంగ్లీషు తేదీ మాత్రము నాలుగేండ్ల కొకసారియే వచ్చును. విజయవాడలోని సర్వోత్తమ భవనము వారి పేరు నిలుపుచున్నది.

ఇక మన రాజధాని నగరమునకు వత్తము. యునెస్కో సంస్థయు భారత ప్రభుత్వమును కలిసి నెలకొల్పిన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీని 1951 అక్టోబరు 27వ తేదీన ప్రధాని నెహ్రూగారు పాత ఢిల్లీ రైలుస్టేషను ఎదుట ప్రారంభించిరి. చందా లేకుండ పుస్తకము నింటికిచ్చుట ఆనాడు ఈ నగరమున వింతగ నుండెను. పుస్తకములతో తృప్తినొందక ఆ గ్రంథాలయము సాంఘిక విద్యాశాఖ నేర్పరచి, ఉపన్యాసములు, చర్చలు, చలనచిత్రములు, నాటకములు జరిపించెను. పిల్లలకు ప్రత్యేక శాఖ నేర్పరచెను. 1953 నుండి మోటారు బండిలో పుస్తకములను పేటపేటకు పంపెను. ప్రపంచ దృష్టికి ఇది నూతన ప్రయోగము. కాని కాలువ గట్టున పడవ కొఱకు ఎదురుచూచిన తెలుగు రైతునకు ఇందులో వింత యేమి తోచును?

1954 నాటి చట్టము ననుసరించి దేశమున ప్రచురితమగు ప్రతి పుస్తకపు ప్రతిని ప్రకాశకులు ఈ గ్రంథాలయమునకు పంపవలసియున్నది. తెలుగు పుస్తకములకు గూడ ఈ నియమము వర్తించును. సరోజినీనగరము మొదలగు ఉద్యోగుల నివాస ప్రాంతములలో దీని శాఖలు కలవు. ఏటేట నవంబరు 14 మొదలు 20 వఱకు దేశమంతట గ్రంథాలయ వారోత్సవములు జరుగును.

చట్టము భవనము నీయగలదు, సిబ్బందికి జీతము నీయగలదు. సాయంకాలము అరుగుపై చేరు జనమును మాత్రము ఈయజాలదు. శ్రోతలు లేని ఉపన్యాసమును, పిల్లలు రాని కథాకాలక్షేపమును ఏ కార్యాలయమైనను ఎంతకాలము నడపును? వచ్చువారు లేరను వ్రాతతో ఒక కార్యక్రమము ఆగిపోవుటకు ఎక్కువ కాలము పట్టదని, దస్త్రములతో పరిచయము గల మనకు వేఱుగ చెప్పవలసిన పని లేదు. ఢిల్లీలో పెరుగు మన పిల్లలకు తెలుగు మాట ఇంటియందే వినబడుచున్నది. అక్షరము కంటబడుట అరుదు. సెలవు దినమున కుటుంబ సమేతముగ సమీప గ్రంథాలయమునకు పోయి, తెలుగు పుస్తకము కావలెనని చీటీ వ్రాసి యిచ్చుటకు రూపాయి ఖర్చు లేదు. మనలో ఒకరు అచ్చట నెలకొక సాయంకాలము పిల్లలకు తెలుగు కథ చెప్పెదనని ముందుకు వచ్చిన, హరిసర్వోత్తమరావుగారు ఊరూరు తిరిగి చేసిన పనిలో ఒక పాలు మనకు దక్కును. ప్రభుత్వము తనకు నిరాకరించిన కొలువులో నేడు మనమున్నాము. వారు స్వయముగ చేపట్టిన కొలువులో మాత్రము ఖాళీలు ఇంకను పెక్కు కలవు.